‘టు’ ముందు మాట

(పెన్షనర్ల దినం సందర్భంగా అంగళ్లులో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, ఈ సభలో నన్ను కూడా ఒక పావుగంట మాట్లాడమన్నారు. ఆరోగ్యం గురించి డాక్టరుగారు చెబుతారట, కరువుభత్యం సంగతి అధ్యక్షులవారే చెబుతారట. “మీరు డ్రాఫ్టు రాయడంలో చెయ్యి తిరిగినవారు గదా, ఇంగ్లీషు గురించి ఏమైనా చెప్పండి” అన్నారు. 1972లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరైన నాకు ఇంగ్లీషంటే షేక్‌స్పియరు కాదు. పైన రెఫరెన్సు, కింద ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, మధ్యలో ఎవరిదో ఒక సెలవో, ఇంక్రిమెంటో, పెన్షనో. నాకు తెలిసిన ఇంగ్లీషు అంతే. అందులోనూ ఒక చిన్న ముక్క గురించే మాట్లాడతాను. ఆ ముక్క వల్ల నా చేతి మీదుగా ఒక మనిషికి నష్టం జరిగింది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు.

ముందు ఈ దినం గురించి ఒక్క మాట. డిసెంబరు 17ను మనం పండుగలాగా ఎందుకు జరుపుకుంటామో మీకందరికీ తెలుసు. 1982లో ఆ రోజునే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చంద్రచూడ్ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం తరఫున జస్టిస్ దేశాయ్ గారు తీర్పు రాశారు. 1979 మార్చి 31 అనే ఒక తేదీని పట్టుకుని, అంతకు ముందు రిటైరైనవాడికి ఒక లెక్క, తర్వాత రిటైరైనవాడికి ఒక లెక్క వేయడం చెల్లదన్నారు. అంటే ఉత్తర్వులో తేదీని పట్టి చూపే కొన్ని మాటలు పోయాయి. ఆ మాటలు పోతే వేలమంది ముసలివాళ్లకు అన్నం పెరిగింది. మాటలతో ఏముందిలే అనేవాళ్లకు నేను ఈ కేసే చెబుతాను.

ఇక విషయానికి వస్తాను. ఇంగ్లీషులో ఒక విశేషణం, దాని వెనక ‘టు’, ఆ వెనక ఒక క్రియ వస్తుంటాయి. ‘అనేబుల్ టు అటెండ్’, ‘ఎలిజిబుల్ టు డ్రా’, ‘కాంపిటెంట్ టు శాంక్షన్’, ‘ఫిట్ టు రెజ్యూమ్ డ్యూటీ’, ‘లయబుల్ టు బి రిజెక్టెడ్’. సర్వీసులో మనం ఇటువంటివి ఎన్ని వందలు రాసి ఉంటామో లెక్క లేదు. ‘టు’తో వచ్చే క్రియను మా పంతులుగారు మన తుమున్నర్థకం వంటిదని చెప్పేవారు. ఆ పేరు మరచిపోయినా నష్టం లేదు. ‘టు’ వెనక ఉన్నది పని. ‘టు’ ముందున్న మాట, ఆ పనికీ మనిషికీ ఏమి సంబంధమో చెబుతుంది. వెనక మాటలో తప్పు చేస్తే కంటికి కనబడుతుంది, సూపరింటెండెంటు ఎర్రసిరాతో దిద్దుతాడు. ముందు మాట తప్పు పెడితే వాక్యం చక్కగానే ఉంటుంది. ఎవరూ దిద్దరు. సంతకమై, నెంబరు పడి, టపాలో వెళ్లిపోతుంది.

మా చదువులో దీని గురించి మాకు నేర్పింది ఒకటే. రెన్ అండ్ మార్టిన్ గ్రామరులో ‘టూ’ తీసేసి వాక్యం మార్చి రాయమనే ఎక్సర్‌సైజు. ‘హీ ఈజ్ టూ వీక్ టు వాక్’ అని ఇస్తారు. ‘హీ ఈజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్’ అని రాయాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ ప్రశ్న రాయనివారు ఉండరు. కాని మొదటి వాక్యంలో ‘నాట్’ లేదు గదా, రెండోదాంట్లో ఎక్కడినుంచి వచ్చిందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తెలుగులో పెట్టి చూసుకుంటే వెంటనే తెలిసిపోతుంది. ‘నడవలేనంత నీరసంగా ఉన్నాడు.’ ఆ ‘లేనంత’లోనే ఉంది కిటుకంతా. ‘మోయలేనంత బరువు’, ‘చెప్పలేనంత బాధ’, ‘కొనలేనంత ధర’. మా అమ్మ ఒక్క అక్షరం చదువుకోలేదు, కాని రోజుకు పదిసార్లు ఈ ప్రయోగం చేసేది. మేము మాత్రం రెండు మార్కుల కోసం బట్టీ పట్టాము. ఆ బట్టీ ఫలితమే, మా తోటి గుమాస్తా ఒకాయన పెండ్లి పత్రికకు జవాబుగా ‘ఐ యామ్ టూ హ్యాపీ టు అటెండ్’ అని రాశాడు. చాలా సంతోషంగా వస్తానని ఆయన ఉద్దేశం. ఆ మాట పట్టి చూస్తే, రాలేనంత సంతోషంగా ఉన్నానని అర్థం. పెండ్లికి మాత్రం వచ్చి సుష్టుగా భోంచేశాడు.

ఇప్పుడు నా సంగతి. 1974. చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా కచేరీ. ఏ ఊరిదో చెప్పను. నాకు ఇరవైనాలుగేళ్లు, ప్రొబేషను ఇంకా డిక్లేరు కాలేదు. మా కచేరీలో ఒక బంట్రోతు ఉండేవాడు. నాకంటే పదిహేను పద్ధెనిమిదేళ్లు పెద్ద. నన్ను ‘సామీ’ అనేవాడు, నేను ‘అన్నా’ అనేవాణ్ణి. ఆ యేడు అతనికి దగ్గు పట్టుకుంది. మొదట పొగాకు దగ్గు అనుకున్నారు, తర్వాత నెత్తురు పడింది. క్షయ అని తేలింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మీకందరికీ తెలిసిందే. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్కు దేశస్థుడు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మొదలుపెట్టి నడిపిన ఆస్పత్రి. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. అతనూ అక్కడ చేరాడు.

చేరేముందు అతను ఒక అర్జీ పంపాడు. ఎవరో పిల్లవాడి చేత తెలుగులో రాయించినది, కింద వేలిముద్ర కాదు, తానే వంకరటింకరగా పెట్టిన సంతకం. ఒంట్లో సత్తువ లేక డ్యూటీకి రాలేకున్నాననీ, సెలవు ఇప్పించవలసిందనీ, డాక్టరు సర్టిఫికెట్టు తర్వాత పంపుకుంటాననీ దాని సారాంశం. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది గాని, మా కచేరీ నుంచి పై ఆఫీసుకు పోయే సర్వీసు కాగితాలు అప్పటికీ ఇంగ్లీషులోనే పోయేవి. ఆ అర్జీకి కవరింగు లెటరు రాసే పని నాది.

‘అనేబుల్ టు అటెండ్’ అని రాసి ఊరుకుని ఉంటే సరిపోయేది. మూడు మాటలు. కాని అది నాకు మరీ చిన్నపిల్లల సెలవు చీటీలాగా అనిపించింది. కొత్తగా చేరిన ఉబలాటం, పెద్ద మాట రాయాలని సరదా. ఏదో పాత ఫైలులో చూసిన ‘రిలక్టెంట్’ అనే మాట నోటికి బాగా తిరిగింది. ‘రిలక్టెంట్ టు జాయిన్ డ్యూటీ’ అని రాశాను. రాలేక వెనకాడుతున్నాడు అనే అర్థంలోనే రాశాను. టైపిస్టు దాన్ని చక్కగా కొట్టి ఇచ్చాడు. సంతకమైంది, పోయింది.

రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో మదనపల్లెలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారని మన ప్రాంతంవాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. నేనూ ఆ చుట్టుపక్కలనే ఒక తెలుగు కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చాను, ఇదీ దాని కథ అని నాలో నేను అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.

నెలన్నరకు పై ఆఫీసు మెమో వచ్చింది. ‘యాజ్ ది ఇండివిడ్యువల్ ఈజ్ రిలక్టెంట్ టు జాయిన్’ అని నా మాటనే ఎత్తి రాసి, అందువల్ల అతని గైరుహాజరు బుద్ధిపూర్వకమైనదిగా భావించి, ఆ కాలాన్ని ‘డైస్ నాన్’గా పరిగణించాలనీ, క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో సంజాయిషీ అడగాలనీ ఉంది. డైస్ నాన్ అంటే మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజులకు జీతం లేదు, సర్వీసులో లెక్కకు రావు. ఆ మనిషి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. జీతం ఆగింది. ఆ రెండో నెలలోనే పాడి ఆవును సంతకు తోలుకుపోయి అమ్మారని తర్వాత తెలిసింది.

ఆ మెమో చూసిన నిమిషంలోనే నాకు తెలిసిపోయింది, తప్పు ఎవరిదో. పై ఆఫీసువాళ్లను నేను ఏమీ అనను. వాళ్లకు మనిషి తెలియడు, కాగితమే తెలుసు. ఆ కాగితం మీద నేను రాసిన మాటకు వాళ్లు తీసుకున్న అర్థమే సరైన అర్థం. డిక్షనరీ తెరిచి చూశాను: ఇష్టం లేక వెనకాడేవాడు అనే ఉంది. నేను రాసిన ఫైలే గనుక నేనే నోటు పెట్టి సరిచేయవచ్చు. పెట్టలేదు. ప్రొబేషను పోతుందని భయం. ఎనిమిది నెలలు నోరెత్తలేదు. సర్టిఫికెట్టు వచ్చింది, దాన్ని కూడా మామూలుగా జతచేసి పంపాను, మొదటి మాట గురించి ఏమీ రాయకుండా. ‘సర్టిఫికెట్టు ఆలస్యంగా పంపినందుకు కారణం ఏమి’ అని దానిమీద ఇంకొక మెమో వచ్చింది.

చివరికి మా సూపరింటెండెంటుగారి దగ్గర బయటపెట్టాను. ఆయన పాతకాలపు మనిషి. టేబులు మీద ఎప్పుడూ హార్న్‌బీ డిక్షనరీ ఉండేది. హార్న్‌బీ అనే దొర జపానులో పాఠాలు చెబుతూ, పరాయిదేశం పిల్లలు ఎక్కడ తడబడతారో చూసి తయారుచేసిన పుస్తకం. 1948లో ఆక్స్‌ఫర్డ్‌వారు వేశారు. ఏ మాట వెనక ‘టు’ రావాలి, ఏ మాట వెనక ‘ఆఫ్’ రావాలి అన్నది అందులో చూసుకోవచ్చు. ఆయన నా డ్రాఫ్టు తెప్పించి చూశారు. కోప్పడతారనుకున్నాను.

“ఏమయ్యా, అర్జీలో ఏముంది?” అన్నారు.

“రాలేకున్నానని ఉంది సార్.”

“నువ్వు ఏమి రాశావు?”

“రావడానికి వెనకాడుతున్నాడని.”

“వెనకాడేది మనసు. అతని మనసులో ఏముందో నీకు ఎట్లా తెలుసు? పోయి చూసి వచ్చావా?”

నేను మాట్లాడలేదు. “కాగితం మీద ఉన్నది రాయి. మనిషి లోపలికి పోవద్దు” అన్నారు. అప్పుడే నా చేత నోటు రాయించారు. అర్జీలోని తెలుగు మాటకు ఇంగ్లీషు తర్జుమా తప్పుగా చేసింది నేనేనని అందులో ఒప్పుకున్నాను. నా ప్రొబేషను ఆరు నెలలు వెనక్కి పోయింది. అతని కాలం మెడికల్ సర్టిఫికెట్టు మీద సెలవుగా మారుతూ ఉత్తర్వు 1976లో వచ్చింది. జీతం బకాయి వచ్చింది. ఆవు రాలేదు.

అప్పటినుంచి ‘టు’ ముందు ఏ మాట ఉన్నా నేను ఆగి చూసేవాణ్ణి. చూడగా చూడగా నాకు అర్థమైంది చెబుతాను. పండితులు ఇంకా శాస్త్రీయంగా చెబుతారు. నాది గుమాస్తా లెక్క.

కొన్ని మాటలు ఒంటికీ వీలుకూ సంబంధించినవి. ఏబుల్, అనేబుల్, ఫిట్, అన్‌ఫిట్. కొన్ని మనసుకు సంబంధించినవి. విల్లింగ్, అన్‌విల్లింగ్, ఈగర్, యాంక్షస్, రిలక్టెంట్. మన తెలుగు క్రియలోనే ఈ తేడా ఉంది. ‘రాను’ అంటే మనసు, ‘రాలేను’ అంటే వీలు. ఒక్క అక్షరం తేడా. అయితే ఇక్కడ ఒక చిక్కుంది, అది కూడా ఒప్పుకోవాలి. మనం మర్యాద కోసం ‘రాను’ అనవలసిన చోట కూడా ‘రాలేనండీ’ అంటాం. ఇంగ్లీషువాడూ అంతే, ఇష్టం లేని విందుకు ‘అనేబుల్ టు అటెండ్’ అని రాసి పంపుతాడు. అందుకే ఆఫీసుల్లో ‘అనేబుల్’ చూడగానే సాకు అని అనుమానిస్తారు. అనుమానించనివ్వండి, విచారణ చేయనివ్వండి. కాని ‘రిలక్టెంట్’ అని గుమాస్తాయే రాసేస్తే ఇక విచారించడానికి ఏమీ మిగలదు.

ఈమధ్య సెల్‌ఫోనుకు వచ్చే మెసేజీల్లో కూడా ‘అనేబుల్ టు ప్రాసెస్ యువర్ రిక్వెస్ట్’ అని ఉంటుంది. ఎవరికి చేతకాలేదు, ఎందుకు చేతకాలేదు అని అడగడానికి అవతల మనిషే లేడు. దాని గురించి నేను ఏమి చెప్పగలను!

ఇంకొక జాతి మాటలున్నాయి. ఈజీ, డిఫికల్ట్, హార్డ్. ఇవి చూడటానికి పైవాటిలాగే ఉంటాయి గాని అడ్డం తిరుగుతాయి. ‘ఈగర్ టు ప్లీజ్’ అంటే అతను ఎదుటివాళ్లను మెప్పించాలని ఆత్రపడుతున్నాడు. ‘ఈజీ టు ప్లీజ్’ అంటే అతన్ని మెప్పించడం సులువు. మొదటిదాంట్లో అతను చేసేవాడు, రెండోదాంట్లో అతనికి చేసేవారు వేరే. మాటల వరస ఒకటే. అమెరికాలో చామ్‌స్కీ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1960లలో ఈ రెండు వాక్యాలనే పక్కపక్కన పెట్టి చూపించాడు: పైకి ఒకటిగా కనబడేవి లోపల ఒకటి కావు అని. మనకు పెద్ద శాస్త్రం అక్కరలేదు, తెలుగులోకి తిప్పి చూస్తే చాలు. తెలుగులో ‘అతన్ని’ అనే ‘ని’ దాచుకోవడానికి వీలులేదు, బయటికి వచ్చి నిలబడుతుంది. మన ఆఫీసర్లలో ఈజీ టు ప్లీజ్ ఎవరో, పైవాళ్ల దగ్గర ఈగర్ టు ప్లీజ్ ఎవరో మీకు నేను చెప్పాలా!

తెలుగు అన్నిచోట్లా కాపాడుతుందని కూడా అనుకోవద్దు. ‘కోడి తినడానికి సిద్ధంగా ఉంది’ అంటే, కోడి గింజలు తింటుందా, మనం కోడిని తింటామా? ‘రెడీ టు ఈట్’లో ఉన్న తికమకే ఇక్కడా ఉంది. కాని ఇలా మాట్లాడేది పుస్తకాల తెలుగులోనే. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే రైతును అడగండి, ‘కోయడానికి సిద్ధంగా ఉంది’ అనడు, ‘కోతకొచ్చింది’ అంటాడు. వంటింట్లో ‘అన్నమైంది’ అంటారు. ఊరి పేరే అంగళ్లు గదా, ఇప్పుడు ఇక్కడి అంగళ్లలో ‘రెడీ టు ఈట్’ ప్యాకెట్లూ దొరుకుతున్నాయి. మా మనవరాలు తెచ్చింది ఒకటి. వేడినీళ్లు పోయాలట, అయిదు నిమిషాలు ఆగాలట. అయితే ఇంకా రెడీ కాలేదన్నమాటే గదా అన్నాను. నవ్వింది.

మూడో జాతి మాటల్లో ఉన్నది మనిషి గుణం కాదు, రాసేవాడి అంచనా. లైక్లీ, ష్యూర్, సర్టెన్. ‘హీ ఈజ్ ష్యూర్ టు కమ్’ అంటే ఆ నమ్మకం అతనిది కాదు, రాసినవాడిది. తప్పకుండా వస్తాడని మనం అంటున్నాం. ‘ష్యూర్ ఆఫ్ కమింగ్’ అంటేనే నమ్మకం అతనిది అవుతుంది. ‘బకాయిలు లైక్లీ టు బి పెయిడ్’ అని పేపర్లో చూసి, మంజూరైపోయాయని నాకు ఫోను చేసి చెప్పినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను. అది విలేఖరి అంచనా మాత్రమే.

భయం సంగతీ అంతే. ‘అఫ్రెయిడ్ టు క్రాస్’ అంటే భయంతో దాటడం లేదు. ‘అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్’ అంటే పడతానేమోనని భయం. ఈ కదిరి రోడ్డు దాటేటప్పుడు మనకు రెండూ ఉంటాయి: దాటడానికి భయం, లారీ గుద్దుతుందేమోనని భయం. ఆ ‘ఏమో’ మన భాషకు ఎంత సొగసు!

తర్వాత, విని సంతోషించడాలూ విని బాధపడటాలూ. ‘గ్లాడ్ టు హియర్’, ‘సారీ టు హియర్’. ఇక్కడ ‘టు’ వెనక ఉన్న పని ముందు జరుగుతుంది, సంతోషం తర్వాత వస్తుంది. అందుకే తెలుగులో ‘విని సంతోషించాను’ అంటాం. కాని ఆఫీసులో తెలుగు వచ్చాక మనవాళ్లు ఇంగ్లీషు కాగితాన్ని పక్కన పెట్టుకుని ‘తెలియజేయుటకు సంతోషించుచున్నాను’ అని తయారుచేశారు. ఏ ఇంట్లోనైనా, ఏ తల్లి అయినా బిడ్డతో అలా అన్నదా? చట్టం తెలుగు రాయమన్నది గాని ఇంగ్లీషునే తెలుగు అక్షరాల్లో రాయమనలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదని తెలుసు.

ఇక జీవోల్లో వచ్చే ‘ప్లీజ్డ్ టు’ ఒకటుంది. గవర్నరుగారు ‘ప్లీజ్డ్ టు శాంక్షన్’ అంటే ఆయన నవ్వుతూ సంతకం పెట్టారని కాదు. పాత రాజరికపు మాట, అధికారం ఉన్నవారి చిత్తం అని అర్థం. మన రాజ్యాంగం 310వ అధికరణంలో ప్రభుత్వోద్యోగి రాష్ట్రపతిదో గవర్నరుదో ‘ప్లెజర్’ ఉన్నంతకాలం కొలువులో ఉంటాడని చెప్పినప్పుడు కూడా అదే అర్థం. ఆ వెనకే 311 పెట్టి కాపు కాశారు గనుక మనం బతికాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘ప్లీజ్డ్ టు డిస్మిస్’ అని కూడా రాస్తారా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. చిత్తం అనే అర్థం తెలిస్తే ఆ అనుమానమే రాదు.

మనకు ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనవి చివరి రకం మాటలు. ఎలిజిబుల్, ఎన్‌టైటిల్డ్, లయబుల్, కాంపిటెంట్. ఇవి మనిషి మనసూ కాదు, ఒళ్లూ కాదు. ఇవి రూలు. ఎలిజిబుల్‌కూ ఎన్‌టైటిల్డ్‌కూ తెలుగులో ‘అర్హులు’ అని ఒకటే మాట రాసేస్తున్నారు. అది సరికాదు. ఎలిజిబుల్ అంటే షరతులు సరిపోయాయి, అడగవచ్చు. ఎన్‌టైటిల్డ్ అంటే హక్కు ఉంది, ఇచ్చి తీరాలి. అర్హత వేరు, హక్కు వేరు. ఏదైనా ఉత్తర్వు చేతికి వస్తే ఈ రెండింటిలో ఏది రాశారో ముందు చూడండి. ‘లయబుల్ టు బి రికవర్డ్’ అని ఉంటే వెంటనే గుండె పట్టుకోవద్దు. రికవరీకి అవకాశముందని రూలు చెబుతున్నదే గాని, రికవరీ ఆర్డరు అయిపోయిందని కాదు. జవాబు రాసుకోవడానికి ఇంకా టైముంటుంది.

ఇంతలో ఒక హెచ్చరిక. అన్ని విశేషణాల వెనకా ‘టు’ తగిలించరాదు. ‘కేపబుల్ టు డు’ అని మనవాళ్లు తరచుగా రాస్తారు. ‘కేపబుల్ ఆఫ్ డూయింగ్’ అనాలి. మన మనవలు ఉద్యోగాలకు దరఖాస్తుల్లో ‘ఇంటరెస్టెడ్ టు జాయిన్’ అంటున్నారు. ‘ఇంటరెస్టెడ్ ఇన్ జాయినింగ్’ అని దిద్దాను. ‘ఇప్పుడు ఎవరు చూస్తారు తాతా’ అంది మా మనవరాలు. చూసేవాడు చూస్తాడు.

బంట్రోతన్న సంగతి మధ్యలో వదిలిపెట్టాను. అతను బాగై తిరిగి డ్యూటీకి వచ్చాడు. మునుపటి బలం రాలేదు గాని పన్నెండేళ్లు పనిచేశాడు. రోజూ నా టేబులు మీద టీ గ్లాసు పెట్టేవాడు. ఫైలంతా ఇంగ్లీషు గనుక అతనికి ఏమీ తెలియదనుకున్నాను. చెబుదామని నోటి దాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. 1986లో అతను రిటైరైన రోజు, దండలూ ఫోటోలూ అయ్యాక వెనక వసారాలో కూర్చోబెట్టి చెప్పాను. ‘నీ కాగితంలో ఆ మాట రాసింది నేనే అన్నా’ అని.

“తెలుసు సామీ” అన్నాడు. “ఆ మెమో వచ్చినప్పుడే ఆస్పత్రిలో పక్క మంచమాయన చదివి చెప్పినాడు. రానని నేను యాడ చెప్పినానబ్బా అనుకుంటిని.”

“మరి నన్ను ఎందుకు అడగలేదు?”

“అడగాలనే ఉండె. మీరు తెలిసి రాసినారని చెప్తే ఏం చేసేది? అందుకని అడగలా.”

నేను జవాబు చెప్పలేదు. తెలియక రాశానని చెప్పవచ్చు, అది నిజమే. కాని ఆ తర్వాత ఎనిమిది నెలలు తెలిసే ఊరుకున్నాను గదా. అతను లేచి, దండలు సంచిలో పెట్టుకుని బస్సుకు పోయాడు. ఇప్పుడు లేడు. అతని భార్యకు కుటుంబ పెన్షను కాగితాలు నేనే రాశాను, ఒక్కొక్క మాట మూడుసార్లు చూసి.

ఈ సంవత్సరం మన సభ్యుడొకరు పోయాక, ఆయన భార్య ఒక ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చదివిపెట్టినవాళ్లెవరో ‘పెన్షను ఇవ్వం అని రాశారమ్మా’ అని చెప్పారట. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను చదివాను. ‘అనేబుల్ టు రిలీజ్’ అని ఉంది, కింద ‘అన్‌టిల్’ అని ఒక లైను ఉంది. వయసు రుజువు కాగితం అందేవరకు విడుదల చేయలేకున్నాము అని. ఇవ్వం అని కాదు, ఇవ్వలేకున్నాం అని. ఏ కాగితం కావాలో కూడా రాశారు. ఆ కాగితం పెట్టి జవాబు రాశాం. రెండు నెలలకు పెన్షను పడింది.

అలాంటి ఉత్తరాలు మీ ఇళ్లల్లోనూ ఉంటాయి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సంఘం గదిలో కూర్చుంటానని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను. జిరాక్సు కాదు, అసలు కాగితమే తెండి. జిరాక్సులో ఎప్పుడూ కింది లైనే పోతుంటుంది. మన ఆడబిడ్డలు ఒక్కరే రావడానికి మొహమాటపడవద్దు, మా ఇంటావిడ కూడా అక్కడే ఉంటుంది.